లోకల్ డేటాబేస్ సెటప్

వెబ్ యాప్ తయారుచేసేవారు జనం వాడుతున్న అసలు సర్వర్ జోలికి పోకుండా తమ సొంత కంప్యూటర్‌లోనే నడుపుకొనే డేటాబేస్‌ను, దానికి కావలసిన సరంజామాను కలిపి లోకల్ డేటాబేస్ సెటప్ అంటారు. కోడ్ రాయడం, టేబుళ్లు మార్చడం, కావాలని తప్పుడు డేటా ఎక్కించి చూడడం, అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడం ఇక్కడే జరుగుతాయి. జనం వాడే డేటాబేస్‌ను ఈ రంగంలో ‘లైవ్’ అనో ‘ప్రొడక్షన్’ అనో పిలుస్తారు. లోకల్‌లో టేబుల్ పోతే వృథా అయ్యేది పది నిమిషాల శ్రమ. లైవ్‌లో పోతే పోయేది వేరేవాళ్ల డేటా.

ఇలాంటి సెటప్‌కు రెండు గుణాలు తప్పనిసరి. అది లైవ్‌ను పోలి ఉండాలి: అదే డేటాబేస్, అదే వెర్షన్, అవే సెట్టింగులు. ఏ క్షణాన చెరిపేసినా నిమిషాల్లో మళ్లీ కట్టుకోగలిగేలా కూడా ఉండాలి. మొదటిది లేకపోతే లోకల్‌లో చేసిన పరీక్షకు విలువ లేదు. రెండోది లేకపోతే ప్రోగ్రామర్ ఏ ప్రయోగమూ ధైర్యంగా చేయలేడు. ఉదాహరణకు ఒక మండల గ్రంథాలయం కోసం పుస్తకాల అరువు లెక్కలు చూసే చిన్న వెబ్ యాప్‌ను ఊహించుకోవచ్చు. అందులో సభ్యులు, పుస్తకాలు, అరువులు అని 3 టేబుళ్లు ఉంటాయి. అంత చిన్న యాప్‌లోనూ ఈ రెండు గుణాల అవసరం అడుగడుగునా కనిపిస్తుంది.

చరిత్ర

రిలేషనల్ డేటాబేస్‌కు మూలం 1970లో ఐబిఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ప్రచురించిన పత్రం. డేటాను టేబుళ్లలో పేర్చుకుంటే, అది డిస్క్ మీద ఎక్కడ ఉందో తెలియనవసరం లేకుండానే కావలసింది అడిగి తీసుకోవచ్చని ఆయన ప్రతిపాదించారు. అలా అడగడానికి ఐబిఎంలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ఒక భాషను ప్రకటించారు. నేటి ఎస్‌క్యూఎల్ దాని నుంచే వచ్చింది. అప్పటి డేటాబేస్‌లు పెద్ద సంస్థల యంత్రాల మీద నడిచేవి. ప్రోగ్రామర్‌కు సొంత డేటాబేస్ అన్న మాటకు అప్పట్లో తావే లేదు.

1990ల మధ్యలో పరిస్థితి మారింది. మైఖేల్ విడేనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్ కలిసి 1995లో మైఎస్‌క్యూఎల్‌ను తెచ్చారు. పేరులోని ‘మై’ విడేనియస్ కూతురి పేరు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌గా పేరు మార్చుకుంది. 2000లో రిచర్డ్ హిప్ రాసిన ఎస్‌క్యూలైట్ ఇంకో దారి తొక్కింది. అమెరికా నౌకాదళపు యుద్ధనౌక కోసం ఆయన ఒక సాఫ్ట్‌వేర్ రాస్తున్నప్పుడు, డేటాబేస్ సర్వర్ ఆగిపోయినప్పుడల్లా ప్రోగ్రామూ నిలిచిపోయేది. అసలు సర్వరే అక్కర్లేని డేటాబేస్ ఉంటే బాగుండునన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఎస్‌క్యూలైట్‌లో డేటాబేస్ మొత్తం ఒకే ఫైలు. ఈ రోజు ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ, ఐఫోన్‌లోనూ అది ఉంది.

2002లో అపాచీ ఫ్రెండ్స్ బృందం విడుదల చేసిన జాంప్ ప్యాకేజీ వెబ్ సర్వర్‌ను, డేటాబేస్‌ను, పిహెచ్‌పి భాషను ఒకే ఇన్‌స్టాలర్‌లో అందించింది. కాలేజీ ల్యాబ్‌లలో, అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో పిహెచ్‌పి నేర్చుకున్న చాలామందికి మొదటి లోకల్ డేటాబేస్ జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో ‘స్టార్ట్’ నొక్కితే లేచినదే. 2013లో సాలమన్ హైక్స్ డాకర్‌ను ప్రపంచానికి చూపించాక డేటాబేస్‌ను కంటెయినర్‌లో, అంటే కంప్యూటర్‌లోని మిగతావాటితో కలవకుండా విడిగా నడిచే పెట్టెలో, నడిపే అలవాటు వేగంగా పాకింది.

నాలుగు పద్ధతులు

డేటాబేస్‌ను నేరుగా కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవడం అన్నింటికంటే పాత పద్ధతి. విండోస్‌లో ఇన్‌స్టాలర్, ఉబుంటులో ఆప్ట్, మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఈ పని చేసిపెడతాయి. ఇది మెమరీ తక్కువ తింటుంది, వేగంగా నడుస్తుంది. లైవ్‌లో ఒరాకిల్ ఉన్న సంస్థల్లో పనిచేసేవారికి దాని ఉచిత ఎడిషన్ ఉంది: 2 జీబీల మెమరీ, 12 జీబీల డేటా వరకు అనుమతిస్తుంది. చిక్కల్లా ఒకే కంప్యూటర్‌లో రెండు ప్రాజెక్టులు, వాటికి రెండు వేర్వేరు వెర్షన్లు కావలసి వచ్చినప్పుడే మొదలవుతుంది.

యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద పని మధ్యలో కరెంటు పోతే డేటా ఏమవుతుందన్నది మన ఊళ్లలో సహజంగా వచ్చే ప్రశ్న. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రతి మార్పునూ ముందు ఒక చిట్టాలో రాసి డిస్క్‌కు చేర్చి, ఆ తర్వాతే అసలు ఫైళ్లలో సర్దుతుంది. కరెంటు వచ్చాక ఆ చిట్టా చదివి మిగిలిన పని పూర్తిచేసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడిబి ఇంజన్ కూడా ఇదే చేస్తుంది. దానికి ముందు వాడిన మైఐసామ్ ఇంజన్‌కు ఈ రక్షణ లేదు. అందుకే పాత ట్యుటోరియళ్లు చూసి మైఐసామ్ టేబుళ్లు పెట్టుకోకూడదు.

రెండో పద్ధతి జాంప్, వ్యాంప్, మ్యాంప్ లాంటి ప్యాకేజీలు. కొత్తవారికి ఇవి ఎంతో సులువు. బ్రౌజర్‌లోనే టేబుళ్లు చూపించే పిహెచ్‌పిమైఅడ్మిన్ కూడా వాటితోనే వస్తుంది. అయితే జాంప్‌లో ఇప్పుడు ఉన్నది మైఎస్‌క్యూఎల్ కాదు, దాని నుంచి 2009లో విడిపోయిన మరియాడిబి. కంట్రోల్ ప్యానెల్ మీద మాత్రం మైఎస్‌క్యూఎల్ అనే కనిపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8 నుంచి తీసిన డంప్‌ను (టేబుళ్లను, డేటాను రాసిపెట్టిన ఫైలును) జాంప్‌లో ఎక్కించబోతే చాలాసార్లు ‘తెలియని కొలేషన్’ అనే ఎర్రర్‌తో ఆగిపోతుంది. అక్షరాలను పోల్చడానికి, వరుసలో పెట్టడానికి మైఎస్‌క్యూఎల్ 8 వాడే కొత్త నియమావళి జాంప్‌లోని పాత మరియాడిబికి తెలియకపోవడమే కారణం.

ఎస్‌క్యూలైట్ మూడో పద్ధతి. జాంగో, రైల్స్ ఫ్రేమ్‌వర్క్‌లలో కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే ముందుగా దొరికేది ఇదే. 2024లో వచ్చిన లారవెల్ 11 కూడా అదే దారి పట్టింది. ఇన్‌స్టాల్ చేసే పనే లేదు, ఫైలు చెరిపేస్తే డేటాబేస్ ఖాళీ అయిపోయినట్టే. లైవ్‌లోనూ ఎస్‌క్యూలైటే వాడేవారికి ఇంతకంటే హాయి లేదు. లైవ్‌లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉన్నప్పుడు మాత్రం ఈ సులువు వెనుక ఉచ్చు ఉంది. టేబుల్ కట్టేటప్పుడు పేరు కాలమ్‌కు 15 అక్షరాల హద్దు పెట్టినా ఎస్‌క్యూలైట్ ఆ హద్దును లెక్కచేయదు, ఎంత పొడవున్నా తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 16వ అక్షరం దగ్గరే ఎర్రర్ ఇస్తుంది.

నాలుగోది డాకర్. ప్రాజెక్టు ఫోల్డర్‌లో కంపోజ్ అనే చిన్న ఫైలు పెట్టుకుంటారు. అందులో డేటాబేస్ పేరు, వెర్షన్, పాస్‌వర్డ్, పోర్ట్, డేటా దాచుకొనే వాల్యూమ్ వివరాలు ఉంటాయి. ఒక్క కమాండ్‌తో అంతా లేస్తుంది. జట్టులో పదిమంది ఉంటే పదిమంది దగ్గరా అదే వెర్షన్ నడుస్తుంది. మొదటి రోజుల్లో దాదాపు ప్రతివారూ రెండు చోట్ల దెబ్బతింటారు. వాల్యూమ్‌కు పేరు పెట్టి చూపించకపోతే, కంటెయినర్‌ను తీసేసి మళ్లీ లేపినప్పుడు ఖాళీ డేటాబేస్ ఎదురవుతుంది. వెర్షన్ నంబర్ రాయకుండా ‘లేటెస్ట్’ అని వదిలేస్తే, ఒకనాడు కొత్త పెద్ద వెర్షన్ దిగి పాత డేటాను తెరవనంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 16 రాసిన ఫైళ్లను 17 నేరుగా చదవలేదు. డంప్ తీసి మళ్లీ ఎక్కించాలి, లేదా అప్‌గ్రేడ్ టూల్ వాడాలి. విండోస్‌లో డాకర్ లోలోపల ఒక లైనక్స్ వర్చువల్ మిషన్‌ను నడుపుతుంది. 8 జీబీల ల్యాప్‌టాప్‌లో దాని బరువు తెలుస్తూనే ఉంటుంది.

యాప్‌కూ డేటాబేస్‌కూ కనెక్షన్

యాప్ డేటాబేస్‌ను చేరడానికి అయిదు వివరాలు కావాలి: హోస్ట్, పోర్ట్, యూజర్, పాస్‌వర్డ్, డేటాబేస్ పేరు. హోస్ట్ అంటే యంత్రం చిరునామా. 127.0.0.1 అంటే ఎప్పుడూ ‘ఈ కంప్యూటరే’ అని అర్థం. పోర్ట్ ఆ ఇంట్లోని తలుపు నంబర్ లాంటిది. మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు 5432, మాంగోడిబికి 27017, రెడిస్‌కు 6379 వాడుకలో స్థిరపడ్డాయి. ఒక తలుపు దగ్గర ఒకరే నిలబడగలరు. ఎప్పుడో విడిగా ఇన్‌స్టాల్ చేసి మరిచిపోయిన మైఎస్‌క్యూఎల్ 3306ను పట్టుకొని కూర్చుంటే, జాంప్‌లోనిది లేవడానికి ప్రయత్నించి వెంటనే పడిపోతుంది. రెండింటిలో ఒకదాన్ని 3307కు మారిస్తే సరిపోతుంది.

కనెక్షన్ కుదరనప్పుడు ఎక్కువగా చిక్కుపెట్టేది ‘లోకల్‌హోస్ట్’ అన్న మాటే. లైనక్స్‌లో మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌కు లోకల్‌హోస్ట్ అని చెబితే అది నెట్‌వర్క్ పోర్ట్‌కు బదులు సాకెట్ ఫైలు గుండా వెళుతుంది. 127.0.0.1 అంటేనే పోర్ట్ గుండా పోతుంది. డాకర్‌లో యాప్, డేటాబేస్ వేర్వేరు కంటెయినర్లలో ఉన్నప్పుడు, యాప్ దృష్టిలో లోకల్‌హోస్ట్ అంటే తన కంటెయినరే. డేటాబేస్ అక్కడ ఉండదు. కంపోజ్ ఫైలులో డేటాబేస్ సర్వీసుకు పెట్టిన పేరునే హోస్ట్‌గా ఇవ్వాలి.

ఈ వివరాలను కోడ్‌లో రాయకుండా ప్రాజెక్టులోని ఎన్వ్ ఫైలులో ఉంచడం, ఆ ఫైలును కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోకి ఎక్కనివ్వకపోవడం అందరూ ఒప్పుకున్న పద్ధతి. సెట్టింగులు కోడ్ బయట ఉండాలి, లోకల్‌కూ లైవ్‌కూ తేడా వీలైనంత తగ్గాలి అన్న రెండు సూత్రాలనూ హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగిన్స్ 2011లో ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ పేరుతో రాసిన సూత్రావళి బాగా ప్రచారంలోకి తెచ్చింది.

మైగ్రేషన్లు, నమూనా డేటా

గ్రంథాలయం యాప్‌లో సభ్యుల టేబుల్‌కు కొత్తగా ఫోన్ నంబర్ కాలమ్ కావలసి వచ్చిందనుకుంటే, పిహెచ్‌పిమైఅడ్మిన్ తెరిచి చేత్తో చేర్చేయడం సులువే. మూడు వారాల తర్వాత ఆ మార్పు లైవ్‌లో చేయాలని ఎవరికీ గుర్తుండదు. అందుకే ప్రతి మార్పునూ ఒక చిన్న ఫైలుగా రాసి, వరుస నంబర్ ఇచ్చి, కోడ్‌తో పాటు గిట్‌లో దాస్తారు. వీటినే మైగ్రేషన్లు అంటారు. ఏ మైగ్రేషన్లు నడిచాయో డేటాబేస్‌లోనే ఒక టేబుల్ గుర్తుపెట్టుకుంటుంది. రైల్స్ ఈ అలవాటును జనంలోకి తెచ్చింది, జాంగో 2014లో వచ్చిన 1.7 వెర్షన్ నుంచి దాన్ని తనలో కలుపుకుంది. జావా వాళ్లకు ఫ్లైవే, లిక్విబేస్ ఉన్నాయి.

మైగ్రేషన్లు సక్రమంగా ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి లోకల్‌లో ఒక సూటి పరీక్ష ఉంది. డేటాబేస్‌ను పూర్తిగా చెరిపేసి, మొదటి మైగ్రేషన్ నుంచి చివరి దాకా నడపాలి. మధ్యలో ఎక్కడైనా ఆగితే, ఎవరో ఎప్పుడో చేత్తో చేసిన మార్పు ఒకటి లెక్కలోకి రాకుండా ఉండిపోయిందన్న మాట.

టేబుళ్లు సిద్ధమయ్యాక వాటిలో పోయడానికి డేటా కావాలి. పది పుస్తకాలు, అయిదుగురు సభ్యులు ఉన్న డేటాబేస్‌లో ప్రతి పేజీ తక్షణం తెరుచుకుంటుంది. వెతుకులాటను వేగిరపరిచే ఇండెక్స్ లేని లోటు అక్కడ కనిపించదు. స్క్రిప్టుతో 10 లక్షల అరువు రికార్డులు పుట్టించి, ‘ఎక్స్‌ప్లెయిన్’ కమాండ్‌తో చూస్తే, ఒక్క సభ్యుడి అరువుల కోసం డేటాబేస్ టేబుల్ మొత్తం చదువుతోందో, ఇండెక్స్ పట్టుకొని నేరుగా వెళుతోందో తెలుస్తుంది.

తెలుగు అక్షరాలు

తెలుగులో డేటా నింపే యాప్‌కు లోకల్ సెటప్‌లోనే పరీక్షించుకోవలసిన సంగతులు ప్రత్యేకంగా కొన్ని ఉన్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. యుటిఎఫ్-8 పద్ధతిలో వాటిలో ప్రతి సంకేతానికీ 3 బైట్లు పడతాయి. ‘శ్రీనివాస్’ అన్న పేరులో కంటికి కనిపించే అక్షరాలు నాలుగు: శ్రీ, ని, వా, స్. డేటాబేస్ మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘం అంటూ విడివిడిగా లెక్కపెడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఈ పేరు పొడవును అక్షరాల్లో అడిగితే 10 అని, బైట్లలో అడిగితే 30 అని జవాబు వస్తుంది. ‘వెంకట సుబ్రహ్మణ్యం’ కంటికి 7 అక్షరాలే. డేటాబేస్ లెక్కలో మధ్యలోని ఖాళీతో కలిపి 18. ఇంగ్లీషు పేర్లు మనసులో పెట్టుకొని 15 అక్షరాలు చాలనుకున్న కాలమ్‌లో ఆ పేరు పట్టదు.

మైఎస్‌క్యూఎల్‌లో ‘యుటిఎఫ్8’ అన్న పాత సెట్టింగ్ ఒక సంకేతానికి 3 బైట్ల వరకే ఇస్తుంది. తెలుగు అందులో సరిగ్గా ఇముడుతుంది, అందుకే లోపం చాలాకాలం బయటపడదు. ఒక పాఠకుడు సమీక్ష చివర 4 బైట్ల ఇమోజీ పెట్టిన రోజున ఎర్రర్ వస్తుంది. 2010లో చేర్చిన ‘యుటిఎఫ్8ఎంబి4’ ఈ లోటు తీర్చింది, 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి అదే సహజ సెట్టింగ్ అయింది. ‘లాటిన్1’ సెట్టింగ్‌తో ఉన్న ఇంకా పాత టేబుళ్ల గతి మరీ ఘోరం. తప్పుడు డేటాను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ ఆపి ఉంటే తెలుగు పేరంతా వరుసగా ప్రశ్నార్థకాలుగా మారి నిల్వ అవుతుంది. అలా పోయిన పేరును ఏ ఉపాయంతోనూ వెనక్కి తెచ్చుకోలేరు.

కంటికి కనిపించని సంకేతం ఒకటి వెతుకులాటను కూడా చెడగొడుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట’ కింద ‘వ’ వత్తుగా చేరకుండా కీబోర్డులు మధ్యలో ఒక అదృశ్య విరామాన్ని పెడతాయి. పుస్తకం పేరు ఆ విరామంతో నమోదై, వెతికేవారు విరామం లేకుండా టైపు చేస్తే, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దృష్టిలో అవి రెండు వేర్వేరు మాటలు. పుస్తకం అలమరలో ఉన్నా యాప్ లేదని చెబుతుంది. నమూనా డేటాలో ‘సభ్యుడు1, సభ్యుడు2’ అని నింపకుండా నిజంగా ఊళ్లో వినిపించే పేర్లు, వత్తులున్న పుస్తకాల పేర్లు పెడితే ఈ లోపాలన్నీ లైవ్‌కు చేరకముందే దొరుకుతాయి.

లోకల్‌లో నడిచి, లైవ్‌లో ఆగేవి

‘నా మిషన్‌లో బాగానే నడుస్తోంది’ అన్న మాట వినని సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండదు. దాని వెనుక తరచుగా కనిపించే కారణాల్లో టేబుళ్ల పేర్లు ఒకటి. ఇంగ్లీషు పేర్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను మైఎస్‌క్యూఎల్ విండోస్‌లో పట్టించుకోదు, లైనక్స్‌లో పట్టించుకుంటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో రాసిన కోడ్ లైనక్స్ సర్వర్‌కు చేరగానే ‘ఆ టేబుల్ లేదు’ అన్న ఎర్రర్ రావడం ఇందువల్లే. పేర్లన్నీ చిన్నబడిలో పెట్టుకుంటే ఈ చిక్కే ఉండదు.

సమయం మరో కారణం. ల్యాప్‌టాప్ భారత కాలమానంలో ఉంటుంది, సర్వర్లు ఎక్కువగా యుటిసిలో (ప్రపంచ ప్రామాణిక కాలమానంలో) నడుస్తాయి. రెండింటికీ తేడా 5 గంటల 30 నిమిషాలు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదున్నర వరకు సర్వర్ లెక్కలో ఇంకా నిన్నటి తేదీయే. గడువు దాటిన పుస్తకాలకు రాత్రి 12 దాటగానే జరిమానా వేసే ప్రోగ్రామ్, లోకల్‌లో సరిగ్గా పనిచేసి, లైవ్‌లో ఒక రోజు తక్కువ లెక్కకడుతుంది. లోకల్ డేటాబేస్‌ను కూడా యుటిసిలోనే పెట్టుకుంటే ఈ తప్పు మొదటి రోజే కంటబడుతుంది.

భద్రత

జాంప్‌లో రూట్ యూజర్‌కు పాస్‌వర్డ్ ఉండదు. దాన్ని తయారుచేసినవారే అది నేర్చుకోవడానికి, లోకల్ పనికి మాత్రమేనని చెబుతారు. డేటాబేస్ 127.0.0.1 మీద మాత్రమే వింటున్నంతకాలం బయటివారు చేరలేరు. డాకర్‌లో పోర్ట్‌ను మామూలుగా తెరిస్తే మాత్రం అది కంప్యూటర్ నెట్‌వర్క్ చిరునామాలన్నింటి మీదా వింటుంది. హాస్టల్ వైఫైలోనో, కాఫీ షాపులోనో కూర్చుంటే పక్కవారికీ ఆ తలుపు తెరిచే ఉంటుంది. కంపోజ్ ఫైలులో పోర్ట్ ముందు 127.0.0.1 చేర్చితే అది మూసుకుంటుంది. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న మాంగోడిబి డేటాబేస్‌లను దుండగులు వేల సంఖ్యలో చెరిపేసి డబ్బు డిమాండ్ చేశారు. అదే ఏడాది చివర వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మాంగోడిబి సొంత కంప్యూటర్‌కే పరిమితమై మొదలవుతుంది.

లైవ్ డేటాను యథాతథంగా ల్యాప్‌టాప్‌లోకి దించుకోవడం అంతకంటే పెద్ద ప్రమాదం. బస్సులో మరిచిపోయిన ల్యాప్‌టాప్‌లో గ్రంథాలయ సభ్యులందరి ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉండడం ఏ సభ్యుడూ ఒప్పుకున్న సంగతి కాదు. భారత పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, డేటాకు తగిన రక్షణ కల్పించని సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా వేసే వీలు కల్పించింది. లైవ్‌లోని ఒక లోపం లోకల్‌లో మళ్లీ రప్పించి చూడాలంటే, పేర్లు, నంబర్లు మార్చేసిన కాపీనే ఇవ్వాలి.

బ్యాకప్, రీస్టోర్

డంప్ తీసి మళ్లీ ఎక్కించి చూడడానికి లోకల్ సెటప్ కంటే అనువైన చోటు లేదు. ఎక్కించి చూడని బ్యాకప్‌ను నమ్మితే ఏమవుతుందో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో తేలింది. రాత్రిపూట పనిచేస్తున్న ఒక ఇంజనీరు రెండో సర్వర్ అనుకొని, అసలు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌ను చెరిపే కమాండ్ ఇచ్చారు. పొరపాటు గ్రహించి ఒకటి రెండు సెకన్లలోనే ఆపినా, సుమారు 300 జీబీల్లో మిగిలింది 4.5 జీబీలు. రోజువారీ డంప్‌ల కోసం వెతికితే అవి లేవు. డేటాబేస్ 9.6 వెర్షన్ కాగా, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2ది. వెర్షన్లు కుదరక అది విఫలమవుతూ వచ్చింది, హెచ్చరిక మెయిళ్లు ఎవరికీ చేరలేదు.

జరిగినదాన్ని సంస్థ దాచలేదు. రికవరీ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, తర్వాత కారణాలన్నీ వివరంగా ప్రచురించింది. సుమారు 5,000 ప్రాజెక్టులకు, 5,000 వ్యాఖ్యలకు, 700 కొత్త ఖాతాలకు సంబంధించిన డేటా తిరిగి రాలేదు. మిగతాదంతా దక్కడానికి కారణం, ప్రమాదానికి సుమారు 6 గంటల ముందు అదే ఇంజనీరు వేరే పని మీద తీసిన ఒక స్నాప్‌షాట్. బ్యాకప్ కోసం కాదు, పరీక్షలు చేసుకొనే స్టేజింగ్ డేటాబేస్‌లోకి తాజా డేటా ఎక్కించడం కోసం ఆయన దాన్ని తీశారు. ఆ కాపీ నుంచే డేటాను వెనక్కి తెచ్చుకొని, ఫిబ్రవరి 1న గిట్‌ల్యాబ్ సైట్ మళ్లీ తెరుచుకుంది.